ఇష్క్ గిలాఫ్‌లో నౌకరీ కిస్సా

మన ఇళ్లల్లో నావిల్ అన్న మాటకు ఎన్నడూ మంచి పేరు లేదు. మగపిల్లగాడు నావిల్ పట్టుకుంటే "సబక్ చదువుకో పోరా" అని ఊరుకుంటారు. అదే ఆడపిల్ల చేతిలో కనబడితే పెద్దవాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటారు. "ఇష్క్ ముహబ్బత్ కిస్సాలు చదివితే దిమాగ్ ఖరాబైతది" అన్న మాట కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ఎంతమంది అమ్మీలు, ఖాలాలు తమ చిన్నతనంలో విన్నారో లెక్క లేదు. విన్నారు, అయినా చదివారు. బియ్యం డబ్బా వెనక దాచుకొని, దిండు గిలాఫ్‌లో దోపుకొని, చదువుకున్న చెల్లెలితో చదివించుకొని మరీ విన్నారు.

వాళ్లు అంత షౌక్‌తో ఏం చదివారు? ఆ నావిళ్లు రాసిన ఆడవాళ్లకు ఆ కథలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ రెండు సవాళ్ల జవాబు ఒకటేనని నా నమ్మకం. అందుకే ఈ మజ్మూన్‌లో ఇద్దరు రచయిత్రులను పక్కపక్కన కూర్చోబెడుతున్నాను. ఒకరు తెలుగులో రాసిన యద్దనపూడి సులోచనారాణి. ఇంకొకరు ఉర్దూలో రాసిన మర్హూమా రఫియా మంజూరుల్ అమీన్. ఇద్దరికీ హైదరాబాద్‌తో రిష్తా ఉంది. ఇద్దరి కితాబులూ మా ఇంట్లో ఒకే తాక్‌లో ఉండేవి.

నసీహత్ నావిళ్ల జమానా

ఆడపిల్లల చేతికి మొదట నావిల్ ఇచ్చింది మగవాళ్లే. అదీ నసీహత్ కోసం. డిప్టీ నజీర్ అహ్మద్ సాహెబ్ తన కూతుళ్ల తాలీమ్ కోసం రాసుకున్న 'మిరాతుల్ ఉరూస్' 1869లో అచ్చయింది. అక్బరీ, అస్గరీ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్బరీకి ఇల్లు నడపడం రాదు, అస్గరీ సలీకా తెలిసిన పిల్ల. ఆ కితాబుకు అంగ్రేజ్ సర్కారు వెయ్యి రూపాయల ఇనామ్ కూడా ఇచ్చింది. నజీర్ అహ్మద్ సాహెబ్ తర్వాత సాలార్ జంగ్ హయాంలో మన హైదరాబాద్ రియాసత్‌లో నౌకరీ చేశారు. అట్లా ఆయనకూ దక్కన్‌కూ తాల్లుక్ ఉంది.

అంత నసీహత్ నింపిన కితాబు కూడా అందరికీ నచ్చలేదు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ సాహెబ్ 'బహిష్తీ జేవర్'లో ఆడవాళ్లు చదవకూడని కితాబుల ఫెహరిస్త్ ఇస్తూ, అందులో 'మిరాతుల్ ఉరూస్'ను కూడా చేర్చారు. ఘర్‌గృహస్తీ నేర్పే నావిల్ హాలే అదైతే, ముహబ్బత్ కథ రాసే నావిల్ హాల్ ఏమిటో మీరే అందాజా వేసుకోండి.

తెలుగు వైపూ అంతే. కందుకూరి వీరేశలింగం పంతులు 'రాజశేఖర చరిత్ర' 1880 ప్రాంతంలో కితాబుగా వచ్చింది. దాంట్లో రాజశేఖరుడు పొగడ్తలకు లొంగి, మోసపోయి, ఆస్తి పోగొట్టుకునే పెద్దమనిషి. ఆ కథ మకసద్ సంస్కరణ. ఎనభై ఏళ్లు దాటాక తెలుగు నావిల్‌లోకి ఇంకో రాజశేఖరం వచ్చాడు. ఈసారి ఆయన పొడుగ్గా, అందంగా, కారు దిగుతూ వచ్చాడు. ఆయనను తెచ్చింది ఒక పాతికేళ్ల ఆడమనిషి.

కాజ ఊరి పిల్ల

యద్దనపూడి సులోచనారాణి 1939 ఏప్రిల్ 2న కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారు. 1956లో 'చిత్ర నళినీయం' అనే ఆమె కథ ఆంధ్రపత్రికలో అచ్చయింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. అదే సంవత్సరం నవంబర్ 1న మన తెలంగాణను ఆంధ్రతో కలిపి ఆంధ్రప్రదేశ్ చేశారు. నికాహ్ మాటను తెలుగువాళ్లు పెళ్లి అంటారు కదా, ఆ పెళ్లి తర్వాత ఆమె హైదరాబాద్ వచ్చారు. పల్లెటూరి నుంచి రాజధానికి వచ్చిన ఒక కోడలు ఈ షహర్‌ను కొత్త కళ్లతో చూసింది. బంగళాలు చూసింది, కార్లు చూసింది, చేతిలో హ్యాండ్‌బ్యాగ్ పట్టుకొని ఆఫీసులకు పోతున్న ఆడపిల్లలను చూసింది.

అది తెలుగులో రచయిత్రుల దౌర్. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి, మన శంషాబాద్‌లో పుట్టిన మాదిరెడ్డి సులోచన, ఇట్లా వారపత్రిక తెరిస్తే ఆడవాళ్ల సీరియలే. ఎంతవరకు పోయిందంటే, కొందరు మగ రచయితలు కూడా ఆడపేర్లు పెట్టుకొని రాయడం మొదలుపెట్టారు. మర్దానా పేరుతో రాస్తే పత్రికలవాళ్లు పక్కన పెడుతున్నారని వాళ్ల షికాయత్! తారీఖ్‌లో ఇట్లాంటి జమానా ఎన్నిసార్లు వస్తుంది?

ఆ దౌర్‌లో అందరికంటే ఎక్కువ మంది ఎదురుచూసింది యద్దనపూడి కోసం. ఆమెను 'నవలా రాణి' అన్నారు. ఆమె నావిళ్ల మీద సినిమాల వరుసే నడిచింది. 'విజేత' 1972లో 'విచిత్ర బంధం' అయింది. 1973లో 'మీనా', 'జీవన తరంగాలు' వచ్చాయి. 1976లో 'సెక్రటరీ', 1981లో 'అగ్నిపూలు'. ఇవి కాక 1966లో కె. విశ్వనాథ్ మొదటిసారి డైరెక్షన్ చేసిన 'ఆత్మ గౌరవం' సినిమా కథలో గొల్లపూడి మారుతీరావుతో పాటు ఆమె పేరు కూడా ఉంది. ఈ సినిమా పేరును కాస్త యాద్ పెట్టుకోండి. ఆత్మగౌరవాన్ని మన జబాన్‌లో ఖుద్దారీ అంటాం. ఆమె కథలన్నిటికీ ఆ ఒక్క లఫ్జ్ తాళంచెవి లాంటిది.

జయంతి తన్ఖా

'సెక్రటరీ' 1960ల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత కితాబు అయింది. కథ చాలామందికి తెలుసు. జయంతి ఒక గరీబ్ పిల్ల, బామ్మతో ఉంటుంది. వనితా విహార్ అనే ఆడవాళ్ల క్లబ్‌లో సెక్రటరీ కొలువు చేస్తుంది. ఆ తర్వాత దౌలత్‌మంద్ అయిన రాజశేఖరం దగ్గర సెక్రటరీ అవుతుంది. ఆయనంటే ఆమెకు ఇష్టమే. కానీ ఆయన దౌలత్ ముందు తన మెడ వంగకూడదన్న పట్టుదల అంతకంటే ఎక్కువ. కథంతా ఆ ఖీంచాతానీ మీదనే నడుస్తుంది.

ఈ నావిల్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా రాజశేఖరం గురించే మాట్లాడతారు. ఆరడుగుల హీరో, కారు, తెల్లబట్టలు, తెలుగు ఆడపిల్లలందరి ఖ్వాబ్. ఆ మాట అబద్ధం కాదు. కానీ కితాబు పేరు చూడండి. 'రాజశేఖరం' అని పెట్టలేదు, 'ప్రేమ' అని పెట్టలేదు. ఒక ఓహ్దా పేరు పెట్టారు. తెలుగులో అంత మషహూర్ అయిన ముహబ్బత్ కథకు ఒక నౌకరీ పేరు ఉండటం ఇత్తెఫాక్ అని నేను అనుకోను.

యద్దనపూడి తన కథలకు ముడిసరుకు రెండు చోట్ల నుంచి తెచ్చుకున్నారని ఆమె నావిళ్లు వరుసగా చదివితే అర్థమవుతుంది. ఒకటి వదిలివచ్చిన ఊరు. 'మీనా'లో షహర్ బంగళాలో, తల్లి హుకూమత్ కింద పెరిగిన పిల్ల, తండ్రి వైపు బంధువుల పల్లెకు పోయి అక్కడి ఆప్యాయతకు కరిగిపోతుంది. కాజలో పుట్టి హైదరాబాద్‌లో కాపురం పెట్టిన మనిషి తప్ప ఆ తడి ఇంకెవరు రాయగలరు? రెండోది చేరిన షహర్. అక్కడ బీఏ చదివిన గరీబ్ పిల్లకు దారి ఏమిటన్న సవాల్. ఆమె హీరోలు ఖయాలీ మనుషులు. ఆమె హీరోయిన్ల ఖాళీ పర్సులు మాత్రం అసలీ.

2018 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, కూతురు దగ్గర ఉండగా ఆమె ఇంతెకాల్ అయ్యారు. 79 ఏళ్లు. ఆ రోజు మా అమ్మీ అఖ్బార్‌లో ఫొటో చూసి, "హమారీ జయంతీ కీ మా చలీ గయీ" అన్నది. మన జయంతి తల్లి పోయింది అని. ఆమె నోట 'హమారీ' అన్న మాట విన్న తర్వాతే ఈ మజ్మూన్ రాయాలన్న ఖయాల్ వచ్చింది.

కూలుతున్న హవేలీ పక్కన పెరిగిన పిల్ల

ఇప్పుడు ఉర్దూ వైపు వద్దాం. రఫియా మంజూరుల్ అమీన్ 1930లో హైదరాబాద్‌లో పుట్టారు. సైన్స్ చదివారు. షౌహర్ మంజూరుల్ అమీన్ సాహెబ్ షాయర్, రేడియో, దూరదర్శన్‌లలో పెద్ద ఓహ్దాలలో పనిచేశారు. రఫియా 'సారే జహాఁ కా దర్ద్', 'ఆలంపనాహ్', 'యే రాస్తే' అనే నావిళ్లు రాశారు. అఫ్సానాలు కూడా చాలా రాశారు. సైన్స్ మజ్మూన్లతో కూడా ఒక కితాబు తెచ్చారు. 2008లో ఇంతెకాల్ అయ్యారు.

ఆమె పుట్టిన సంవత్సరాన్ని ఒకసారి తారీఖ్ పక్కన పెట్టి చూడండి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. మరుసటి సంవత్సరం, 1949 ఆగస్టులో, జాగీర్‌దారీ రద్దయింది. జాగీర్ ఆమదనీ మీద బతికిన హవేలీలకు ఒక్కసారిగా కాళ్ల కింద ఫర్ష్ కదిలిపోయింది. జాగీర్లు లేని సఫేద్‌పోష్ ఖాందాన్లకు ఇంకో దెబ్బ పడింది. సర్కారు దఫ్తర్లలో ఉర్దూ నడిచినన్ని రోజులు మున్షీ, అహల్కార్, పేష్కార్ నౌకరీలతో గడిచిన ఇళ్లవి. 1918లో ఉర్దూ మీడియంతో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా ఉర్దూ మీడియం పోయింది. మగవాళ్ల నౌకరీలు డోలాయమానంలో పడ్డ ఇళ్లల్లో, చదువుకున్న ఆడపిల్ల తన్ఖా అన్న ఖయాల్ మొదటిసారి దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చింది. గట్టిగా మాట్లాడుకోలేదు. కానీ వచ్చింది.

'ఆలంపనాహ్' ఆ ఖయాల్ నుంచి పుట్టిన కథ. ఐమన్ షహాబ్ అనే మామూలీ ఖాందాన్ పిల్ల నౌకరీ కోసం హైదరాబాద్‌లోని ఒక నవాబీ హవేలీలో అడుగుపెడుతుంది. అక్కడ ఆజర్ నవాబ్ ఉంటాడు. గంభీరమైన మనిషి, మాట తక్కువ, గుస్సా ఎక్కువ. మిగతాది మీరు ఊహించుకోగలరు. 1990లలో దూరదర్శన్‌లో లేఖ్ టండన్ దీన్ని 'ఫర్మాన్' పేరుతో సీరియల్ తీశారు. ఐమన్‌గా దీపికా దేశ్‌పాండే, ఆజర్‌గా కన్వల్‌జీత్ సింగ్. మా మొహల్లాలో ఆ టైముకు ఏ ఇంట్లో టీవీ ఉంటే ఆ ఇంట్లో ఆడవాళ్లంతా చేరేవాళ్లు. నాకప్పుడు పదమూడు, పద్నాలుగేళ్లు. హవేలీ అంటే సినిమాల్లో ముజ్రా, షరాబ్, పాన్‌దాన్ మాత్రమే చూసిన మాకు, మన మాదిరి సలాం చెప్పుకునే, మన మాదిరి పెద్దల ముందు దుపట్టా సర్దుకునే పిల్ల దేశమంతా చూసే సీరియల్‌కు హీరోయిన్ కావడం ఒక వింత. ఆ పిల్ల మెహమాన్‌గా రాలేదు, నౌకరీ మీద వచ్చింది. అది ఇంకా పెద్ద వింత.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాఇన్సాఫీ అవుతుంది. హవేలీ మొత్తం ఆజర్ నవాబ్ లాంటి షరీఫ్ మనుషులతో నిండి లేదు. అమరావతిలో పుట్టి 1947లో హైదరాబాద్ వచ్చి, ఉస్మానియాలో ఉర్దూ ఎంఏ చేసిన వాజిదా తబస్సుమ్, అవే హవేలీల చీకటి కమ్రాలను రాసింది. బేగంలు, బాందీలు, ఉతరన్ బట్టలు, వాటి వెనక జిల్లత్. ఆమె అఫ్సానాల మీద పెద్ద హంగామాలే జరిగాయి. జీలానీ బానో 'ఐవానె గజల్'లో హైదరాబాద్ నవాబీ ఖాందాన్ల పతనం రాసింది. 'బారిషె సంగ్'లో తెలంగాణ పల్లెల్లో జమీందార్ల జుల్మ్ రాసింది. ఆ ఇద్దరి పక్కన రఫియా కథ మెత్తగా కనిపిస్తుంది. కానీ ఇంటి పెద్దలు వాజిదాను గడప దాటనివ్వలేదు. రఫియాను లోపలికి రానిచ్చారు. లోపలికి వచ్చిన కితాబే కదా పిల్లల చేతికి అందేది.

బీడీ చాట ముందు కచేరీ

మరి ఈ కథలు కరీంనగర్ వరకు, ఆదిలాబాద్ వరకు ఎట్లా వచ్చాయి?

ఉర్దూ రిసాలాలు పోస్టులో వచ్చేవి. ఢిల్లీ నుంచి 'షమా', 'బానో', 'బీస్వీ సదీ'. ఎ.ఆర్. ఖాతూన్, రజియా బట్ నావిళ్లు హైదరాబాద్ పోయిన చుట్టాలు తెచ్చేవాళ్లు. ఒక కితాబు వస్తే పది ఇళ్లు తిరిగి, జిల్ద్ ఊడిపోయి, చివరి వరఖ్ లేకుండా మళ్లీ ఇంటికి చేరేది. తెలుగు నావిళ్లు బస్టాండ్ దగ్గర అద్దె పుస్తకాల దుకాణంలో దొరికేవి. రోజుకు ఇంత అని కిరాయి. ఆడపిల్ల దుకాణానికి పోదు కదా. తమ్ముడు పోతాడు, లేదా పక్కింటి లక్ష్మి తెచ్చిపెడుతుంది.

మా వైపు చదువు కళ్లతో కంటే చెవులతోనే ఎక్కువ నడిచింది. దానికి సబబ్ బీడీ. కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, అటు నిర్మల్ వరకు ఎన్ని ఇళ్లల్లో చాట ఒళ్లో పెట్టుకొని ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం లాగారో మీకు తెలుసు. ఆదిలాబాద్ అడవిలో ఎండాకాలం కోసిన తునికాకు మన ఇళ్లకు వచ్చేది. ఆకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మడవడం. రోజుకు వెయ్యి చుడితే గాని చేతికి పైసలు రావు. చేతులు అంత బిజీ, నోరూ చెవులూ ఖాళీ. అందుకే మా దాదీ వాళ్ల దాలాన్‌లో ఒక ఇంతెజామ్ ఉండేదట. చదవడం వచ్చిన పిల్లను బీడీలు చుట్టనివ్వరు. ఆ పిల్ల చదవాలి, మిగతావాళ్లు చుట్టాలి. సాయంత్రం ఆ పిల్ల వాటా బీడీలు అందరూ తలా కొన్ని కలిపి పూర్తి చేసేవాళ్లు.

మా ఇంట్లో ఆ పిల్ల మా ఫుప్పూ. ఉర్దూ నావిల్ అయితే ఉన్నదున్నట్టు చదివేది. తెలుగు సీరియల్ అయితే కళ్లతో తెలుగు చూస్తూ నోటితో దక్కనీలో చెప్పేది. పక్కింటి తెలుగు ఆడవాళ్లు వస్తే ఉర్దూ కితాబును తెలుగులోకి తిప్పేది. మన కరీంనగర్ జిల్లా హనుమాజీపేట నుంచి వచ్చిన సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో గజళ్లు రాసి, జ్ఞానపీఠ్ అందుకున్నారు. దాశరథి 1961లో 'గాలిబ్ గీతాలు' తెచ్చారు. ఆ తర్జుమాల గురించి యూనివర్సిటీల్లో పీహెచ్‌డీలు చేస్తారు, చేయాలి కూడా. మా ఫుప్పూ దాలాన్‌లో చేసిన తర్జుమా ఏ ఫెహరిస్త్‌లోనూ లేదు. కానీ జయంతి మా దాదీకి పరిచయమైంది ఆ తర్జుమాలోనే. దాదీకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

ఆ దాదీ గురించి మా అమ్మీ చెప్పిన ఒక మాట నా దిమాగ్‌లో నాటుకుపోయింది. ఫుప్పూ 'సెక్రటరీ' చెప్తుంటే మిగతావాళ్లంతా "రాజశేఖరం ఏమన్నడు? ఫిర్ ఉనే క్యా బోలా?" అని అడిగేవాళ్లట. దాదీ మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేది: "ఉస్కూ తన్ఖా కిత్తీ?" ఆ పిల్లకు జీతం ఎంత? ఏదన్నా గొడవ వచ్చి జయంతి కోపం చేసుకుంటే దాదీ బీడీ పక్కన పెట్టి, "నౌకరీ ఛోడీ క్యా?" అని గాభరా పడేదట.

ఏళ్ల తరబడి పత్రికల్లో రాసిన పెద్ద విమర్శకుల కంటే మా దాదీయే ఆ నావిల్‌ను సరిగ్గా పట్టుకుందని నాకు అనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కపెట్టుకున్న మనిషికి, కథలో అసలు ముడి ఎక్కడుందో తెలుసు. తన్ఖా ఉంటేనే జయంతి రాజశేఖరం ముందు తల ఎత్తి మాట్లాడగలదు. తన్ఖా పోయిన రోజు ఆ కథే ఉండదు. హవేలీలో ఐమన్ పరిస్థితీ అదే.

గిలాఫ్, లోపలి కితాబు

నా మాట ఇది. ఈ నావిళ్లకు ఇష్క్ ఒక గిలాఫ్. లోపల ఉన్నది నౌకరీ, ఖుద్దారీ. ఇల్లు ఆసరా ఇవ్వలేని రోజు వస్తే ఆడపిల్ల బయటికి ఎట్లా పోవాలి, పరాయి ఇంట్లో, పరాయి మగవాడి ఎదుట, జీతం తీసుకుంటూ కూడా ఇజ్జత్‌తో ఎట్లా ఉండాలి అన్నదే అసలు మజ్మూన్. యద్దనపూడికి ఆ సవాల్ కొత్త రాజధానిలోని మధ్యతరగతి ఇళ్ల నుంచి వచ్చింది. రఫియాకు పోయిన రియాసత్ శిథిలాల నుంచి వచ్చింది. ఒకరు కట్టుకుంటున్న షహర్‌ను చూశారు, ఇంకొకరు కూలుతున్న షహర్‌ను చూశారు. రెండు చోట్లా నిలబడి ఉన్నది అదే పిల్ల, చేతిలో నౌకరీ కాగితంతో.

దీన్ని సీదాగా "ఆడపిల్లల ఉద్యోగాలు" అని కితాబు రాస్తే మా ఇళ్లల్లోకి రానిచ్చేవాళ్లా? ముహబ్బత్ కిస్సా అంటే తిట్టి అయినా రానిచ్చారు. దాని వెనక నౌకరీ కూడా వచ్చి కూర్చుంది. 1970లలో మా అమ్మీ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోతానని జిద్ చేసి లోయర్ పాసైంది. ఆదిలాబాద్‌లో ఉన్న మా ఖాలా టీచర్ ట్రైనింగ్ చేసి ఉర్దూ మీడియం బడిలో ముప్ఫై ఏళ్లు చెప్పింది. వాళ్లను నడిపించింది నావిళ్లేనని నేను అనను. ఇంట్లో తంగీ ఉంది, సర్కారు బడి ఉంది, కొంచెం సమజ్ ఉన్న నానా ఉన్నారు. కానీ "ఆడపిల్ల ఆఫీసుకు పోతే ఏమైతది?" అన్న భయానికి వాళ్ల దగ్గర అప్పటికే ఒక జవాబు ఉండింది. ఏమీ కాదు, తల ఎత్తుకొని తిరిగి వస్తుంది. ఆ జవాబు వాళ్లు బీడీ చాట ముందు విన్నారు.

రెండు షికాయత్‌లు

ఈ నావిళ్ల మీద షికాయత్‌లు లేవా అంటే ఉన్నాయి, వాటిలో దమ్ కూడా ఉంది.

మొదటిది, చివర్లో అన్నీ షాదీ దగ్గర ఆగిపోతాయి. మూడొందల పేజీలు తన కాళ్ల మీద నిలబడ్డ పిల్ల, ఆఖరి పేజీలో దౌలత్‌మంద్ చేయి పట్టుకుంటుంది. ఆ చేయి దొరకని పిల్లల సంగతి? కారు దిగే రాజశేఖరం కోసం ఎదురుచూసి, వచ్చిన మామూలీ రిష్తాలను చిన్నచూపు చూసిన పిల్లలు ఉండరా? ఉంటారు. కానీ ఒకటి గమనించాను. మా ఇంటి ఆడవాళ్లను 'సెక్రటరీ' కథ చెప్పమంటే, ఆఖరి పేజీ ఎవ్వరూ సరిగ్గా చెప్పలేదు. జయంతి మొదటిసారి ఆఫీసులో అడుగుపెట్టడం, ఆయనకు ఎదురు జవాబు చెప్పడం మాత్రం ముగ్గురికి ముగ్గురూ చెప్పారు. చదివేవాళ్లు తమకు పనికొచ్చే పేజీని తామే ఎంచుకుంటారు.

రెండో షికాయత్ నాది. మన పిల్లలు జయంతిని 'హమారీ' అనుకున్నారు. తెలుగు రూమానీ నావిల్ మాత్రం మన పిల్లలను తనవాళ్లు అనుకోలేదు. నేను చదివిన ఆ దౌర్ తెలుగు నావిళ్లలో ఒక్క ముస్లిం పిల్ల కూడా హీరోయిన్‌గా కనబడలేదు. కారు డ్రైవరో, బట్టలు కుట్టే సాహెబో, పక్కింటి ఖాన్ గారో వచ్చి పోతారు, అంతే. కరీంనగర్‌లో చాట ముందు కూర్చున్న జమీలా, పేపర్లో జయంతి పేరు పెట్టుకొని తన ఖ్వాబ్ చూసుకోవాల్సి వచ్చింది. ఐమన్ షహాబ్ పేరు మనది, కానీ ఆమె మాట్లాడింది తెలుగు గల్లీల దక్కనీ కాదు, హవేలీల ఉర్దూ.

ఆ ఖాళీ నింపే పని చాలా ఆలస్యంగా మొదలైంది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం, షాజహానా 'నఖాబ్' కవిత్వం. తెలుగులో మన పేర్లతో, మన ఇళ్ల మాటతో సాహిత్యం వచ్చింది. దాంట్లో దర్ద్ ఉంది, గుస్సా ఉంది, రెండూ జాయజ్. కానీ టైపింగ్ నేర్చుకొని, కలెక్టరేట్‌లో కుర్సీ మీద కూర్చొని, ఎవరినో ఇష్టపడి, అయినా తల వంచని ఒక కరీంనగర్ జమీలా నావిల్ కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. నవ్వుతూ చదివే, దాచుకొని చదివే నావిల్. అది రాయాల్సింది మన పిల్లలే.

అది రాయాలంటే ముందు రెండు లిపులు ఇంట్లో బతికి ఉండాలి. నాది ఉర్దూ మీడియం బడి, తెలుగు డిగ్రీ. అందుకని నేను 'ఆలంపనాహ్' కుడి నుంచి, 'సెక్రటరీ' ఎడమ నుంచి చదువుకోగలను. ఇంగ్లీష్ మీడియంలో చదివే నా బిడ్డ ఉర్దూ హర్ఫ్ కూడగట్టుకొని చదువుతుంది, తెలుగు బడిలో మార్కుల కోసం చదువుతుంది. మీ ఇళ్లల్లో కూడా అంతేనని తెలుసు. తిట్టి లాభం లేదు. మా దాదీ దాలాన్‌లో కూడా చదవడం వచ్చింది ఒక్క పిల్లకే. మిగతా పది మందికీ కితాబు అందింది, ఎందుకంటే ఆ ఒక్క పిల్ల గట్టిగా చదివింది, మిగతావాళ్లు ఆమె వాటా పని చేశారు.

ఈ జుమా తర్వాత ఖానా అయ్యాక, మీ అమ్మీనో నానీనో అడగండి. చిన్నప్పుడు ఏ నావిల్ దాచుకొని చదివారు, ఎక్కడ దాచారు, చదివి ఎవరికి చెప్పారు అని. మొదట సిగ్గుపడతారు. "అరె, ఫాల్తూ బాతాఁ" అంటారు. కొంచెం ఆగి అడగండి. చెప్తారు. చెప్పింది ఒక కాపీలో రాసి పెట్టండి, ఏ లిపి వస్తే ఆ లిపిలో. పక్కన ఇంకో సవాల్ కూడా రాసుకోండి: ఆ కథలో పిల్లకు తన్ఖా ఎంత?